వంటింటిలో చెత్త నొక్కు యంత్రము – కొనదగినదేనా?

వరంగల్లు, జనగామ, భువనగిరి వైపునుండి పట్నము పోవు రైతు సాధారణముగ బస్సు దిగునది ఉప్పల్‌లోనే. మన చదువరులలో పలువురి పిల్లలు ఆ చుట్టుప్రక్కలనే, ఉప్పల్, నాచారం, హబ్సిగూడలలో కాపురము లున్నారు. కొడుకు క్రొత్తగా ఫ్లాటు కొన్నాడనుకొనుడు. మీరు చూచుటకు పోయినారు. వంటింటి బీరువాలు, పొయ్యిగట్టు, పొగ లాగు యంత్రము అన్నియు చూపి, ఖాళీగ విడిచిన ఒక జానెడు చోటు ముందు నిలిచి, "నాన్నా, ఇక్కడ చెత్త నొక్కే మిషను పెట్టిద్దామనుకుంటున్నం, ఏమంటవు?" అని అడిగినాడు. మీరేమి చెప్పవలెను?

వద్దనియే చెప్పవలెనని నా అభిప్రాయము. అయితే ఊరక వద్దనిన వినెడి కాలము కాదు గనుక కారణము చెప్పవలసి యున్నది. ఆ కారణము చెప్పుటకు పట్నము వారికంటె పెంటకుప్ప వేసి, గడ్డి పాతరవేసి అనుభవమున్న రైతుకే ఎక్కువ అధికారము కలదు.

మొదట యంత్రమేమో చూతము. ఇంగ్లీషులో దీనిని ట్రాష్ కాంపాక్టర్ అందురు. అమెరికాలోని వర్ల్‌పూల్ కంపెనీ 1969 లో దీనిని ఇండ్లలో వాడుకొనుటకై అమ్మకమునకు తెచ్చినది. చూచుటకు పాత్రలు కడుగు యంత్రమువలె నుండును. వెడల్పు 12 నుండి 15 అంగుళములు. లోపల లాగుడు పెట్టె, అందులో దళసరి సంచి, దాని పైన ఒక ఇనుప పలక. మీట నొక్కగనే చిన్న మోటారు మరలను త్రిప్పును. పలక సుమారు ఒక టన్ను బలముతో దిగి చెత్తను అణచును. డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు ఇంచుమించు నాల్గవ వంతు చోటులోనికి ఇమిడిపోవును. యంత్రము చేయు పని ఇంతే. చోటు తగ్గును, బరువు తులమైనను తగ్గదు. నాలుగు దినముల చెత్తను ఒక్క సంచిలోనికి అణచితిమన్న, నాలుగు దినముల బరువు ఒక్క సంచిలో చేరినదన్న మాట. ఆ సంచిని మూడవ అంతస్తునుండి దింపువారెవరో కూడ యోచింపవలెను.

ఇది అమెరికాలో పుట్టుటకు తగిన హేతువు లేకపోలేదు. అక్కడ చాల ఊళ్ళలో చెత్తబండి వారమునకొక పర్యాయము వచ్చును. కొన్ని ఊళ్ళలో సంచికింతయని రుసుము తీసికొందురు. వారి చెత్తలో కాగితము, అట్ట, డబ్బా, సీసాలే హెచ్చు. మిగిలిన కూర, అన్నము నూరి కాలువలోనికి పంపు యంత్రము అనేకుల ఇండ్లలో తొట్టి క్రిందనే యుండును. అట్టివారికి వారము దినముల పొడి చెత్త చిన్న మూటయైన లాభమే. అయినను అక్కడ క్రొత్తగా కట్టు ఇండ్లలో ఈ యంత్రమును పెట్టుట ఇప్పుడు అరుదు. అమెరికాలోనున్న కూతురో అల్లుడో ముచ్చటపడి అక్కడిది కొని పంపెదమనిన ఇంకొక చిక్కు గలదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్ళు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్ళు. ట్రాన్స్‌ఫార్మరు వేరుగ కొనవలెను. కొన్నను మోటారు దానికి తగిన వేగముతో తిరుగుననుకొనరాదు. మిక్సీ బాగుచేయువాడు ఏ సందులోనైన దొరకును గాని, దీనిని విప్పిచూచినవాడు దొరుకుట కష్టము.

ఇక ఉప్పల్, నాచారం సంగతి. హైదరాబాదులో 2015 లో నగర పాలక సంస్థవారు ఇండ్లకు రెండేసి బుట్టలు పంచిపెట్టినారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలిది పొడి చెత్తకు. వాటిని తీసికొనిపోవుటకు చిన్న ఆటో ట్రాలీలు వీధులలోనికి వచ్చినవి. వారమంతయు చెత్తను ఇంటిలో దాచుకొనవలసిన అవసరము అక్కడివారికి లేదు. బండివానికి ఇచ్చునది నెలకు ఇంటికింతయనియే గాని మూటకింతయని కాదు. అట్లుండగా చోటు తగ్గించి మిగుల్చుకొనునదేమి?

అయినను ఇది పైపై కారణము మాత్రమే. అసలు కారణము మన వంటింటి చెత్త స్వభావములో నున్నది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, నాగపూరులోని నీరి సంస్థ కలిసి 2004-05 లో దేశములోని 59 నగరముల చెత్తను పరిశీలించినవి. హైదరాబాదులో మనిషికి దినమునకు 0.57 కిలో చెత్త వచ్చుచున్నదనియు, అందులో సుమారు 54 శాతము క్రుళ్ళి ఎరువు కాగలదనియు, చెత్తలో తేమ 46 శాతమనియు తేలినది. కర్బన నత్రజనుల నిష్పత్తి ఇంచుమించు 26. కంపోస్టు వేసిన రైతునకు ఈ అంకె విలువ వేరుగ చెప్పనక్కరలేదు. గడ్డి, ఆకు, పేడ ఎన్ని పాళ్ళు కలిపిన 25, 30 మధ్య వచ్చునాయని మనము లెక్కలు వేయుచుందుము. పట్నపు చెత్త ఆ పాకమునకే దగ్గరగ నున్నది. తరువాత ఇరువది ఏండ్లలో ప్లాస్టిక్ పెరిగియుండవచ్చును. కాని బీరకాయ చెక్కు, అరటితొక్క, చింతపండు పిప్పి, టీపొడి, మిగిలిన పప్పు తెలుగువారి వంటింటిని విడిచి ఎక్కడికిని పోలేదు.

ఇట్టి చెత్తను టన్ను బలముతో నొక్కిన ఏమగును? కూరగాయలలో నూటికి 80, 90 పాళ్ళు నీరే. నీటిని ఎంత నొక్కినను కుదించుకొనదు. బయటికి మాత్రము కారును. సంచి అడుగున రసము చేరును. మే నెలలో నాచారం ఫ్లాటులో, తలుపులు మూసి ఉద్యోగమునకు పోయిన ఇంటిలో, ఆ రసము సాయంత్రమునకు ఏమగునో వ్రాయనక్కరలేదు. అందుచేతనే మాంసము, చేపలు, వాసన వచ్చు తొక్కలు ఇందులో వేయవద్దని యంత్రముతోకూడ వచ్చు పుస్తకములలో హెచ్చరికలుండును; వాసన అణచుటకు బొగ్గుతో చేసిన జల్లెడలు వేరుగ అమ్ముదురు. సగముకంటె ఎక్కువ చెత్త అందులో వేయదగనిదైన, ఆ యంత్రము మన వంటింటికి తయారైనది కాదనుటకు వేరే సాక్ష్యమేల?

ఇక్కడ చదువరులలో కొందరు ఒక ప్రశ్న వేయవచ్చును. పచ్చిగడ్డిని పాతరవేయునప్పుడు మనమును నొక్కుచున్నాము గదా, ట్రాక్టరు ఎక్కించి మరీ త్రొక్కించుచున్నాము గదా, అది చెడిపోవుట లేదేమని. మంచి ప్రశ్న. పాతరలో వేయునది ఒకే రకపు పైరు, మొక్కజొన్నయో జొన్నయో. దానిని ముక్కలుగ నరికి, గాలిని వెడలగొట్టి, పైన కప్పి, నెలన్నరవరకు ముట్టము. గాలి చొరనందున అందులోని తీపి పులిసి ఆమ్లమై మేతను కాపాడును. మూత తీసి తీసి చూచినవాని పాతర బూజుపట్టును. వంటింటి యంత్రములో నొక్కినది దినమునకు పదిసార్లు తెరచి, మరల కొంత వేసి, మరల నొక్కునది. దానిలో తీపి, కారము, నూనె, గాజు, రబ్బరు అన్నియు కలవు. అది పాతర కానేరదు.

పోనీ, ఎరువగునా? ఇందూరులో ఆల్బర్టు హోవర్డు దొర రూపొందించిన పద్ధతిలో కుప్పను మాటిమాటికి తిరగవేయుట గాలికొరకే. బెంగుళూరులో ఆచార్యగారు 1939 ప్రాంతమున పట్టణములకై ఏర్పరచిన పద్ధతిలో తిరగవేయుట లేదు గాని, అందులోను చెత్తను పొరలు పొరలుగ పరచి, పైన మట్టితో మెత్తి, ఐదారు నెలలు మాగనిత్తురు. ఇనుప పలకతో అణచుట ఎక్కడను లేదు. గోబరు గ్యాసు తొట్టిలో గాలి లేకున్నను నీరు సమృద్ధిగ నుండును, మూత బిగించియుండును. నొక్కిన సంచిలో గాలియు చాలదు, నీరును చాలదు, కాలమును చాలదు. అది క్రుళ్ళును గాని మాగదు. ఈ రెండింటికి గల భేదము మన ఊరిలో పేడకుప్ప వేయు ఏ ముసలమ్మ నడిగినను ముక్కుతోనే చెప్పగలదు.

"మా ఇంటి మూట ఎట్లు క్రుళ్ళిన మీకేమి?" అని పట్నవాసి అనవచ్చును. మనకు సంబంధమున్నది, చాల దగ్గరి సంబంధము. నగరపు చెత్త నగరములో నిలువదు. ఊళ్ళ ప్రక్కకు వచ్చును. ఉప్పల్‌కు ఉత్తరమున నున్న జవహర్‌నగర్ గుట్ట ఇందుకు నిదర్శనము. ఏండ్ల తరబడి తడి, పొడి ఏకముచేసి అక్కడ పోసినందున, చెత్తనుండి దిగిన నల్లని ఊట మల్కారం చెరువును పాడుచేసినది. చుట్టుప్రక్కల బోరుబావులను గూర్చి అక్కడివారు పడిన వేదన పత్రికలు చదువువారికి తెలిసినదే. తరువాత గుట్టపైన మట్టి కప్పినారు. 2020 లో చెత్తనుండి కరెంటు తీయు 19.8 మెగావాట్ల కేంద్రము ప్రారంభమైనది. మంచిదే. కాని తడిసిన కట్టె పొయ్యిలో ఎట్లు మండునో తడి చెత్తయు అట్లే మండును. కాల్చుటకు పొడిది కావలెను, ఎరువునకు తడిది కావలెను. రెండింటిని కలిపి అంటుకొనిపోవునట్లు నొక్కిన మూట రెంటికిని పనికిరాదు.

ఆ మూటను విప్పువారి మాట ఎవరును అనరు. ట్రాలీవాడు, అతని వెంట వచ్చు ఆడమనిషి, బండి కదలుచుండగనే చేతులతో కాగితము, సీసా, ఇనుము వేరుచేసి సంచులలో వేసికొందురు. జీతముపైన వారికి మిగులు నాలుగు రూకలు ఆ సంచులలోనివే. విడిగ నున్న సీసాను వారు అమ్ముకొనగలరు. పగిలి, చారుతో తడిసి, గుడ్డలో చుట్టుకొనిన సీసా వారి చేయి కోయును. ఇంకొక ప్రమాదము కలదు. ఇప్పటి బొమ్మలలో, ఫోనులలో నుండు లిథియం బ్యాటరీలను నలిపిన అంటుకొని మండును. పొరపాటున ఒక్కటి సొరుగులో పడిన చాలును.

ఇక రైతు పొలము. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పట్టణపు కంపోస్టునకు టన్నుకు 1,500 రూపాయల చొప్పున సహాయము ప్రకటించినది. ఎరువుల కంపెనీలు తమ సరుకుతోపాటు దీనిని కూడ రైతులకు అందజేయవలెనని ఉద్దేశము. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో దీనికి కట్టుబాట్లును కలవు: కిలో కంపోస్టులో సీసము 100 మిల్లీగ్రాములకు, కాడ్మియము 5 మిల్లీగ్రాములకు మించరాదు. ఈ లోహములు బీరకాయ చెక్కునుండి రావు. చిదికిన బ్యాటరీలనుండి, రంగుల డబ్బాలనుండి వచ్చును. ఒకసారి కలిసిన పిదప జల్లించి తీయుట ఎవరి తరము కాదు. ధర తగ్గించినంత మాత్రమున రైతు ఈ ఎరువును కొనడు. దమ్ములో దిగిన కాలికి గాజుపెంకు గుచ్చుకొనని ఎరువైననే కొనును. నారు వేయునది మన ఆడవారు, ఉత్త కాళ్ళతో. వంటింటిలో యంత్రము మీట నొక్కుటకును, ఆ గాజుపెంకునకును మధ్య దూరము మనమనుకొనునంత లేదు.

ఇందులో పిల్లల పక్షమును చెప్పకుండుట న్యాయము కాదు. భార్యాభర్త లిద్దరును ఉద్యోగస్థులు. ఉదయము బండి వచ్చు వేళకు ఇల్లు తాళము. మెట్ల క్రింద పెట్టిన సంచిని కుక్కలు చింపును, ప్రక్కింటివారు గొణుగుదురు. వంటిల్లు చిన్నది. ఈ కష్టములు నిజమైనవే, కోడలి సోమరితనమని మీరు తీసివేయవద్దు. అయితే వానికి మందు నొక్కుట కాదు, వేరుచేయుట. తడిది తీసివేసిన తరువాత మిగిలిన పొడి చెత్తకు వాసన లేదు, కుక్క రాదు, వారమైనను మూల కూర్చుండును. అట్టపెట్టె విప్పి పరచిన కాగితమంత. పాలపొట్లము కడిగి ఆరవేసిన జేబులో పట్టును. నీళ్ళసీసా మూత తీసి కాలితో త్రొక్కి మరల మూత బిగించిన అప్పడమగును. ఈ నొక్కుటకు కరెంటు అక్కరలేదు.

నొక్కు యంత్రములన్నియు వ్యర్థములని నేననను. జిన్నింగు మిల్లులో పత్తిని నొక్కి 170 కిలోల బేలు కట్టనిదే లారీ ఎక్కదు. ఖాళీ సీసాలు, పాలసంచులు, అట్టలు కూడ అటువంటి సరుకే. లారీ నిండును గాని బరువు తూగదు. కనుక వేరుచేసిన పొడి చెత్తను ఒకచోట చేర్చి, అక్కడ నొక్కి బేళ్ళు కట్టుట లాభసాటి పని. గ్రామాధికారులు దీనిని గమనింపవలెను. తెలంగాణములో 2019 లో ఆరంభమైన పల్లె ప్రగతి క్రింద పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చినవి, చెత్త వేరుచేయుటకు షెడ్లు కట్టినారు. ఏ కంపెనీ మనిషియైన వచ్చి నొక్కు యంత్రము అమ్మజూపిన, మొదట మీ షెడ్డులో నెలకు ఎన్ని కిలోల పొడి చెత్త చేరుచున్నదో తూచి చూచుకొనుడు. ఒక్క ఊరి ప్లాస్టిక్ ఒక యంత్రమునకు పని కల్పించుట అరుదు. నాలుగైదు పంచాయతీలు కలిసి ఒక్కటి పెట్టుకొనిన కొంత అర్థమున్నది. తడి చెత్తకైతే షెడ్డులోని గుంటలే చాలును. ఆ గుంటలు ఎన్ని ఊళ్ళలో ఎండుచున్నవో కార్యదర్శులకే తెలియును.

ఇక కొడుకు ఇంటిలో ఆ జానెడు చోటును ఏమి చేయవలెను? మన పాత ఇండ్లలో కుడితిగోళెము ఉండెడిది. బియ్యము కడుగు, గంజి, కూరగాయల చెక్కు అందులో పడి గేదె కడుపులోనికి పోయెడిది. ఇంటిలో చెత్తయను మాటయే తక్కువ. ఫ్లాటులో గేదె లేదు గనుక గోళెమునకు మారుగ రెండు మూతబుట్టలు పెట్టవలెను. ప్రక్కన రంధ్రములు చేసిన 50 లీటర్ల డ్రమ్ము ఒకటి బాల్కనీలో చాలును, రెండైన మార్చి మార్చి నింపవచ్చును.

దీనివలన రాబోవు లాభమును పెంచి చెప్పను. పై అంకెలలో సంత చెత్త, వీధి చెత్త కూడ కలిసియుండును. కనుక నలుగురున్న ఇంటికి దినమునకు రెండు కిలోలనుకొందము. అందు ఎరువగునది కిలోకు పైచిలుకు, సంవత్సరమునకు 400 కిలోలు. మాగి ఎండి నాల్గవ వంతు మిగిలినను 100 కిలోలు. పట్టణపు కంపోస్టులో నత్రజని సుమారు 1.4 శాతమని వ్యవసాయ గ్రంథములు చెప్పుచున్నవి. మన పశువుల ఎరువులో అర శాతము మాత్రమే. అనగా ఇంటికి మూడు కిలోల యూరియాకు సమానము. ఈ మాత్రమునకేనా అని నవ్వవచ్చును. కాని యూరియా ఇయ్యని జీవపదార్థము ఇందులో నున్నది. పైగా నాచారములో వేయి ఇండ్ల కాలనీ ఒక్కటి చేసిన 100 టన్నులు. ఎకరమునకు 4 టన్నుల చొప్పున 25 ఎకరములకు. ఆ 25 ఎకరములు ఘట్‌కేసర్ దారిలోనో భువనగిరి దారిలోనో ఎవరివైన కావచ్చును.

డ్రమ్ము నింపు విధము మీరే చూపి రావలెను, పుస్తకము చూచి చేయుటకంటె అది మేలు. అడుగున ఎండుటాకులు జానెడు మందము. దానిపై ఆ దినపు తడి చెత్త. టెంకలు, ఎముకలు, నూనె ఓడు కూర వద్దు. దానిపై రెండింతలు ఎండుటాకు గాని కొబ్బరిపొట్టు గాని రంపపు పొట్టు గాని. రెండు మూడు గుప్పిళ్ళ పాత ఎరువు ఊరినుండి తీసికొనిపోయి చల్లిన త్వరగ అందుకొనును. మూడు దినములకొకసారి కర్రతో కదపవలెను. వాసన వచ్చిన ఆకు చాలలేదని, చీమలు పట్టిన ఎండినదని అర్థము. గుప్పెట పట్టి పిండిన వ్రేళ్ళ సందున తేమ కనబడవలెను, నీరు కారరాదు. డ్రమ్ము నిండిన పిదప ఇంచుమించు రెండు నెలలకు మట్టివాసన వచ్చును. పండుగకు ఊరికి వచ్చునప్పుడు ఒక సంచి తెమ్మని చెప్పి, మొదట వంకాయ మడిలో నాలుగు చాళ్ళకు వేసి, ప్రక్క చాళ్ళతో పోల్చి చూడుడు.